‘సార్, ఈ రోజు నా వల్ల కాదు’ అనగలిగే గ్రౌండ్

తెల్లవారుజామున 5.15. జూనియర్ కాలేజీ గ్రౌండ్‌లో ఇంకా చీకటే. సున్నం గీతలు సగం చెరిగిన మట్టి ట్రాక్ మీద పాతిక మంది పిల్లలు జాగింగ్ మొదలుపెట్టారు. పక్క లేన్లలో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు సిద్ధమవుతున్న కుర్రాళ్లు, గోడ వారగా వాకింగ్‌కు వచ్చిన పెద్దవాళ్లు. తెలుగు జిల్లాల్లో అథ్లెటిక్స్ క్లబ్ అంటే చాలాచోట్ల ఇంతే: ఒక కోచ్ సార్, ఒక విజిల్, ఒక స్టాప్‌వాచ్, వేపచెట్టు కింద గుట్టగా పెట్టిన బ్యాగులు. ఆఫీసు గది ఉండదు. జీతం తీసుకునే సిబ్బంది ఉండరు. సైకాలజిస్టు మాటే రాదు.

అయినా ఆ పిల్లల మనసు, ఒళ్లు భద్రంగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. తొడ వెనక పట్టేసినట్టున్న అమ్మాయి వచ్చి ‘సార్, ఈ రోజు నా వల్ల కాదు’ అంటే ఆ తర్వాత ఏం జరుగుతుందో చూడాలి. ‘నాటకాలొద్దు, పద’ అన్నారంటే ఆ పిల్ల ఇంకోసారి చెప్పదు. ఇవాళ కండరం నొప్పి దాచిన పిల్ల రేపు నెలసరి ఆగిపోయిందని చెప్పదు. రాత్రి పదకొండింటికి ఫోన్‌కు వచ్చిన తేడా మెసేజ్ గురించి అసలే చెప్పదు. గాయం ముదరడం, దిగులు ముదరడం, వేధింపు ఏళ్ల తరబడి సాగడం, ఈ మూడింటికీ ఎరువు ఒకటే: చెబితే ఏమవుతుందోనన్న భయం. అందుకే క్లబ్ భద్రతను, మానసిక ఆరోగ్యాన్ని రెండు వేర్వేరు పనులుగా చూడటం కుదరదు.

చెప్పగలగడం విలువ ఎంతో పెద్ద వేదికల మీద కూడా కనిపిస్తుంది. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మహిళల 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. పరుగు మొదలు సంకేతానికి ముందే చైనా అథ్లెట్ కదిలింది. అధికారులు పక్కనున్న విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజినీ అనర్హురాలన్నారు. ఆమె తలదించుకుని ట్రాక్ దిగిపోలేదు. తాను తప్పు చేయలేదని అక్కడికక్కడే వాదించింది. అభ్యంతరం నమోదు చేసుకుని ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. జ్యోతి మూడో స్థానంలో నిలిచింది, తర్వాత చైనా అథ్లెట్‌పై అనర్హత ఖరారై జ్యోతి పతకం రజతంగా మారింది. వేలమంది ముందు, భాష తెలియని చోట, అధికారికి ఎదురు నిలిచి తన మాట చెప్పడం ఆ ఒక్క రోజులో వచ్చేది కాదు. ఊరి గ్రౌండ్‌లో నోరు విప్పితే దెబ్బ పడిన పిల్లకు అది మరీ కష్టం.

విజిల్‌కు ముందు మూడు నిమిషాలు

చాలా క్లబ్బుల్లో హాజరు రిజిస్టర్ ఉంటుంది. దానికి బదులు ఒక్కొక్కరికి ఒక అట్ట కార్డు ఇస్తే హాజరూ అయిపోతుంది, ఆరోగ్యం ఆరా కూడా అయిపోతుంది. కార్డు మీద నాలుగు గళ్లు చాలు. రాత్రి ఎన్ని గంటలు నిద్ర పోయావు? నొప్పి ఎక్కడ, సున్నా నుంచి పదిలో ఎంత? మనసు ఎలా ఉంది, ఒకటి నుంచి ఐదులో ఎంత? పొద్దున ఏమైనా తిన్నావా? పిల్లలే పెన్సిల్‌తో రాసి, కార్డు బోర్లించి పెట్టెలో వేయాలి. వార్మప్ రెండు రౌండ్లు అయ్యేలోపు కోచ్ అన్నీ తిరగేయొచ్చు.

అంకెలు చూసి ఊరుకుంటే లాభం లేదు, వాటికి ముందే కట్టిన నిర్ణయం ఉండాలి. నిద్ర ఆరు గంటల లోపైతే ఆ రోజు స్ప్రింట్లు, బ్లాక్ స్టార్ట్‌లు లేవు, తేలికపాటి జాగింగ్, డ్రిల్స్‌తో సరి. నొప్పి నాలుగు దాటినా, నడకలో కుంటు కనిపించినా పరుగు లేదు. మనసు గడిలో వరసగా మూడు రోజులు ఒకటో రెండో ఉంటే కోచ్ ఆ పిల్లాడితో విడిగా మాట్లాడాలి. ఈ గీతలు క్లబ్ తన అనుభవాన్ని బట్టి కాస్త అటూ ఇటూ జరుపుకోవచ్చు. అయితే గీత ఎక్కడుందో పిల్లలకు ముందే తెలియాలి. అప్పుడే ‘సార్ నన్ను పక్కన పెట్టేశారు’ అనే అనుమానం రాదు.

ఈ పద్ధతి చెడిపోయేది ఒక్కచోటే. ‘ఏరా, మనసు రెండా? ప్రేమ వ్యవహారమా?’ అని కోచ్ అందరి ముందూ నవ్వుతాడు. మరుసటి రోజు నుంచి పాతిక కార్డుల్లోనూ ఐదే కనిపిస్తుంది. మీట్ జట్టు ఎంపికకు ఈ అంకెలు వాడినా అదే జరుగుతుంది. కార్డు చూసేది కోచ్, పిల్లల భద్రత చూసుకోవడానికి క్లబ్ ఎంచుకునే బాధ్యురాలు మాత్రమే. జట్టు ఎంపికకు దానితో సంబంధం లేదని తల్లిదండ్రుల మీటింగ్‌లో గట్టిగా చెప్పాలి.

విడిగా మాట్లాడటానికి గది అక్కర్లేదు, గది వద్దు కూడా. చివరి లేన్‌లో పక్కపక్కన నడుస్తూ ఒక రౌండ్ వేస్తే నాలుగైదు నిమిషాలు దొరుకుతాయి. అందరికీ కనిపిస్తారు, మాటలు మాత్రం వినపడవు. ఎదురెదురుగా కూర్చుంటే బిగుసుకుపోయే పిల్లలు పక్కన నడుస్తుంటే మాట్లాడతారు. ‘ఏమైంది నీకు?’ అంటే ‘ఏం లేదు సార్’ అనే వస్తుంది. ‘ఈ వారం ఇంట్లో, కాలేజీలో ఎలా నడుస్తోంది నాన్నా?’ అని అడిగి పది అడుగులు మాట్లాడకుండా నడవాలి. ఆ పది అడుగులే కోచ్‌లకు కష్టం, వెంటనే సలహా ఇచ్చేస్తారు. ‘ఎవరికీ చెప్పను’ అని మాట మాత్రం ఇవ్వకూడదు. ‘నీ భద్రతకు సంబంధించిన సంగతైతే ఇంకొకరికి చెప్పాల్సి వస్తుంది. నీకు చెప్పకుండా మాత్రం చెప్పను’ అన్నదే నిలబెట్టుకోగలిగిన మాట.

బద్ధకం అనిపించేవాటిలో సగం బద్ధకం కాదు

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఇంటర్ చదివే పిల్లాడు స్టడీ అవర్స్ ముగించుకుని పడుకునేసరికి పదకొండు. గ్రౌండ్‌కు రావాలంటే నాలుగున్నరకు లేవాలి. అంటే ఐదున్నర గంటలు. వారంలో ఆరు రోజులు ఇలా గడిచాక ఆ పిల్లాడు చిరాకు పడినా, చిన్న మాటకు కళ్లనీళ్లు పెట్టుకున్నా, మూడు నెలలుగా టైమింగ్ కదలకపోయినా కారణం కోసం ఎక్కడో వెతకనక్కర్లేదు. పరిష్కారం కోచ్ చేతిలోనే ఉంది. ఇంటర్ పిల్లలకు మూడు రోజులు సాయంత్రం, రెండు రోజులు ఉదయం పెట్టి, ఆదివారం పూర్తిగా వదిలేయాలి. శిక్షణ గంటలకు క్రీడా వైద్యులు చెప్పే ఒక కొండగుర్తు ఉంది: పిల్లల వయసు ఎంతో, వారానికి అన్ని గంటలు దాటకూడదు. పన్నెండేళ్ల పిల్లకు పన్నెండు గంటలు పై హద్దు. బడిలో పీఈటీ చేయించేది, కబడ్డీ జట్టుతో ఆడేది కూడా ఆ పన్నెండులోనే లెక్క.

రెండోది రక్తం. ఆడపిల్లల్లో హిమోగ్లోబిన్ డెసీలీటరు రక్తంలో 12 గ్రాముల లోపుంటే రక్తహీనత. మొదటి రెండు వందల మీటర్లు బాగానే పరుగెత్తి, ఆ పైన కాళ్లు బరువెక్కిపోయే అమ్మాయిని ‘గుండె ధైర్యం లేదు’ అని తిట్టేముందు పీహెచ్‌సీకి పంపి రక్తపరీక్ష చేయించాలి. ప్రభుత్వ బడుల్లో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను కడుపులో తిప్పుతుందని చాలామంది కిటికీలోంచి పారేస్తారు. తిన్నాక వేసుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది. మాత్రకు ముందూ వెనకా గంటసేపు టీ తాగకుండా ఉంటే ఒంటికి పడుతుంది. అలసట, ఏకాగ్రత లేకపోవడం, ఏదీ చేయబుద్ధి కాకపోవడం రక్తహీనతలోనూ ఉంటాయి, డిప్రెషన్‌లోనూ ఉంటాయి. ముందు రక్తం చూసుకోవడం తేలిక, చవక.

మూడోది తిండి, బరువు. దూర పరుగుల్లో, హైజంప్‌లో ‘రెండు కిలోలు తగ్గితే చాలు’ అనే మాట గ్రౌండ్‌లో గాలిలా తిరుగుతుంది. ఒళ్లు ఖర్చు చేసే శక్తికి సరిపడా తినకపోతే ఏమవుతుందో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014 నుంచి నిపుణుల నివేదికల్లో వివరిస్తూనే ఉంది. నెలసరి తప్పుతుంది, ఎముక పలచబడుతుంది, పిక్క ఎముకలో సన్నటి పగుళ్లు వస్తాయి, నిద్ర చెడుతుంది, మనసు కుంగుతుంది. మగపిల్లలకూ ఇది వస్తుంది, పైకి కనిపించే గుర్తు లేక ఆలస్యంగా బయటపడుతుంది. వరసగా మూడు నెలలు నెలసరి రాకపోతే ‘బాగా ప్రాక్టీస్ చేస్తోంది, అందుకే’ అని సరిపెట్టుకోకూడదు. అది డాక్టరుకు చూపించాల్సిన విషయం. క్లబ్ చేయాల్సినవి రెండు. అందరి ముందు తూకం వేయడం, బరువును బోర్డు మీద రాయడం ఆపాలి. కోచ్, సీనియర్లు, తల్లిదండ్రులు పిల్లల ఒంటి మీద వ్యాఖ్యలు చేయడం మానాలి. ప్రాక్టీస్ కాగానే రెండు అరటిపళ్లు, నానబెట్టిన శనగలు, ఓ ఉడికించిన గుడ్డు చేతికిస్తే ఉపన్యాసం కన్నా ఎక్కువ పనిచేస్తుంది. ఖాళీ కడుపుతో నేరుగా కాలేజీ బస్సెక్కే పిల్లలే మనకు ఎక్కువ.

శిక్షగా వేసే పది రౌండ్లు

ఆలస్యంగా వస్తే పది రౌండ్లు. బ్యాటన్ జారిపోతే పది రౌండ్లు. పరుగంటే ఇష్టంతో వచ్చిన పిల్లకు పరుగునే శిక్షగా మార్చడం కన్నా నష్టం ఇంకొకటి లేదు. దీనికి శరీరపరమైన ప్రమాదమూ ఉంది. వర్కవుట్ అయ్యాక అలసిన కండరంతో, కోపంతో, నీళ్లు తాగకుండా వేసే ఆ అదనపు రౌండ్లలోనే వడదెబ్బ, కండరం చిట్లడం జరుగుతాయి. ఆలస్యానికి వేరే పర్యవసానం పెట్టొచ్చు: హర్డిల్స్ సర్దడం, కోన్‌లు లెక్కపెట్టి సంచిలో వేయడం. ఇక చెంపదెబ్బ, కర్ర సంగతి. ‘మా రోజుల్లో కొట్టబట్టే ఈ స్థాయికి వచ్చాం’ అనే సీనియర్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లతోపాటు దెబ్బలు తిని గ్రౌండ్ వదిలేసిన పదిమంది ఆ మాట చెప్పడానికి అక్కడ ఉండరు. పైగా తన సంరక్షణలో ఉన్న బిడ్డపై దాడి చేసినా, మానసికంగా, శారీరకంగా అనవసర బాధకు గురిచేసినా 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు ఉంది.

వెక్కిరింత కూడా దెబ్బే. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజిని చిన్నప్పుడు రూపాన్ని, మేధోపరమైన లోపాన్ని పట్టుకుని ఊళ్లో ఎగతాళి చేసేవారు. ఆమె 2024 మేలో జపాన్‌లోని కోబెలో, మేధోపరమైన లోపం ఉన్నవారు పోటీపడే టీ20 విభాగంలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఆమెను నమ్మిన కోచ్, అండగా నిలిచిన తల్లిదండ్రులు ఉన్నారు కాబట్టి ఆ కథ మనకు తెలిసింది. అడ్డపేర్లు, కులం పేరుతో విసుర్లు, ‘మగరాయుడు’ అనే మాటలు వినిపించిన క్షణంలోనే కోచ్ ప్రాక్టీస్ ఆపి ‘ఈ గ్రౌండ్‌లో ఆ మాట నడవదు’ అనాలి. తర్వాత విడిగా చెబుదామని ఊరుకుంటే, ఆ ఊరుకోవడాన్నే పిల్లలు అనుమతిగా తీసుకుంటారు.

సెలక్షన్ పోయిన రోజు

జిల్లా జట్టు జాబితా చదివేటప్పుడు పేరు రాని పిల్లలను కాస్త దగ్గరగా చూడండి. బూట్ల లేసులు విప్పుతున్నట్టు తల వంచుకుని చాలాసేపు అలాగే కూర్చుంటారు. నీళ్ల సీసా మూత తీస్తారు, తాగరు. వ్యాన్‌లో వెనక సీటు ఎంచుకుంటారు. ఆ వ్యాన్‌లో గెలిచినవాళ్ల కేరింతలు ఒకపక్క, కోచ్ మౌనం ఇంకోపక్క. ఇంటికి చేరేసరికి నాన్న గుమ్మంలోనే ‘ఎంత పెట్టాం నీ మీద’ అంటాడు. ఆ రాత్రి ఆ పిల్ల ఒక్కతే ఉంటుంది.

ఈ ఆరేడు గంటలకు ముందే ఒక క్రమం రాసి పెట్టుకోవచ్చు. జాబితాను మైకులో చదవకుండా, చదవడానికి పావుగంట ముందే పేరు రానివాళ్లకు కోచ్ విడిగా చెప్పాలి. ఆ వెంటనే నీళ్లు, తిండి. పరుగు ఎక్కడ పోయింది, స్టార్ట్ ఎందుకు ఆలస్యమైంది అనే విశ్లేషణ ఆ రోజుకు వద్దు, మరుసటి రోజు సాయంత్రం చూసుకోవచ్చు. ఇంటికి ఫోన్ ఎప్పుడు చేయాలో పిల్లలనే నిర్ణయించుకోనివ్వాలి. అంతకుముందే కోచ్ తల్లిదండ్రులకు ఒక వాక్యం చెప్పి ఉంచితే మంచిది: ‘ఇవాళ టైమింగ్ అడగొద్దమ్మా, అన్నం పెట్టి పడుకోనివ్వండి.’ మూడో రోజుకు ఆ పిల్ల గ్రౌండ్‌కు రాకపోతే ఫోన్ చేయాలి. వారం ఆగకూడదు.

గాయపడిన పిల్లల సంగతి ఇంతకన్నా నిశ్శబ్దంగా జరుగుతుంది. చీలమండ బెణికి ఆరు వారాలు విశ్రాంతి అంటే ఆ పిల్లాడు పరుగుతోపాటు స్నేహితులను, రోజు క్రమాన్ని, తనకున్న గుర్తింపును కూడా పోగొట్టుకుంటాడు. ఇంటి దగ్గర ఉండమనడం తప్పు. రమ్మని పిలిచి స్టాప్‌వాచ్ చేతికివ్వాలి, ల్యాప్‌లు లెక్కపెట్టమనాలి, రిలేలో బ్యాటన్ మార్చుకునే చోట గుర్తులు పెట్టించాలి. తిరిగి పరుగు మొదలుపెట్టే తేదీని డాక్టరు చెప్పాలి. మీట్ క్యాలెండర్‌ను బట్టి ఆ తేదీ ముందుకు జరిగితే అదే గాయం తిరగబెడుతుంది.

1600 మీటర్ల కుర్రాళ్లు

క్లబ్ పిల్లలతో గ్రౌండ్ పంచుకునే ఉద్యోగార్థుల మనసు గురించి ఎవరూ మాట్లాడరు. అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో పూర్తిచేస్తే 60 మార్కులు. తెలంగాణలో 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో పురుషులకు 1600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లు. ఈ కొద్ది నిమిషాల మీద ఇంటి అప్పు, పెళ్లి, వయోపరిమితి అన్నీ వేలాడుతుంటాయి. ఏడాదంతా ప్రిలిమ్స్‌కు చదివి, ఈవెంట్స్ తేదీ రాగానే నలభై రోజుల్లో ఒళ్లు మార్చేసుకోవాలని చూస్తారు. మొదటి వారంలోనే రోజూ 1600 పూర్తి వేగంతో పరుగెత్తి పిక్క ఎముక నొప్పితో మూలపడతారు. అక్కడినుంచి నొప్పి మాత్రలు, మెడికల్ షాపులో అడిగి వేయించుకునే ఇంజెక్షన్లు, ఎవరో ఇచ్చిన పొడులు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర మీట్‌లో డోపింగ్ పరీక్షకు అధికారులు వచ్చారని తెలియగానే 100 మీటర్ల ఫైనల్‌కు ఒక్కడే మిగిలాడు. మరుగుదొడ్డిలో సిరంజిలు కనిపించాయి. ఆ జాడ్యం చిన్న గ్రౌండ్‌లకు రావడానికి సీనియర్ల సలహాలే దారి, కాబట్టి పద్నాలుగేళ్ల పిల్లలు ఎవరి పక్కన వార్మప్ చేస్తున్నారో క్లబ్ గమనించాలి.

ప్రాణాపాయం మాత్రం ఎక్కువగా ఎండ రూపంలో వస్తుంది. 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో జార్ఖండ్ ఎక్సైజ్ కానిస్టేబుల్ పరీక్షలో 10 కిలోమీటర్ల పరుగు దగ్గర పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఉదయం ఏడున్నర దాటాక గట్టి వర్కవుట్ వద్దు. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. సెలవుల్లో ఏసీ గదిలో ఉండి వచ్చిన కుర్రాడు మొదటి రోజే పాతవాళ్లతో సమానంగా పరుగెత్తకూడదు. తూలడం, అడిగినదానికి సంబంధం లేకుండా మాట్లాడటం, ఉన్నట్టుండి కోపం, ఇవి వడదెబ్బ గుర్తులు. చెమట పడుతోంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు, పరుగులో తగిలే వడదెబ్బలో చెమట ఉంటుంది. అప్పుడు ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. 108కి ఫోన్ చేస్తూనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఐసు వేసిన నీళ్ల తొట్టిలో మెడ వరకు కూర్చోబెట్టి ఒకరు తల పట్టుకోవాలి. తొట్టి లేకపోతే తడి తువ్వాళ్లు ఒళ్లంతా కప్పి రెండు నిమిషాలకోసారి మారుస్తూ విసరాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. మనవాళ్లు చేసే మొదటి పొరపాటు అదే. ఒక్కసారిగా కుప్పకూలి, పిలిచినా పలకక, ఊపిరి సరిగా లేకపోతే అది గుండె ఆగడం కావచ్చు. వెంటనే ఛాతీ మధ్యలో ఐదారు సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఆలస్యమయ్యే ప్రతి నిమిషం బతికే అవకాశాన్ని తగ్గిస్తుంది. క్లబ్‌లో పదహారేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఇది బొమ్మ మీద చేసి చూపించాలి. లీటరుకు సరిపడే ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను పూర్తిగా లీటరు నీళ్లలో కలపాలి, అరగ్లాసులో చిటికెడు వేసి ఇస్తే ప్రయోజనం ఉండదు.

జావెలిన్ దగ్గర ఒక్క ఈల

కేరళలోని పాలాలో 2019 అక్టోబరులో రాష్ట్ర జూనియర్ మీట్ జరుగుతుండగా జావెలిన్ దగ్గర వలంటీరుగా ఉన్న విద్యార్థికి పక్కనే జరుగుతున్న హ్యామర్ త్రో నుంచి ఇనుప గుండు వచ్చి తలకు తగిలింది. ఆసుపత్రిలో రెండు వారాలకు పైగా పోరాడి చనిపోయాడు. రెండు త్రో ఈవెంట్లను పక్కపక్కన ఒకేసారి నడపడమే అక్కడి తప్పు. రోజువారీ ప్రాక్టీస్‌లోనూ అదే సూత్రం: ఒకసారి ఒకే త్రో. ఈల వేస్తేనే విసరడం, అందరూ విసిరాక రెండో ఈలకు అందరూ కలిసి వెళ్లి తెచ్చుకోవడం. నేలలో గుచ్చుకున్న జావెలిన్ వైపు పరుగెత్తకూడదు, దాని తోక సరిగ్గా కంటి ఎత్తులో ఉంటుంది. మొన కిందికి పెట్టి నిలువుగా పట్టుకుని నడిచి రావాలి. వాకింగ్ చేసేవాళ్లకు అడ్డంగా తాడు కట్టలేని గ్రౌండ్‌లో హ్యామర్, డిస్కస్ చేయించకపోవడమే సరైన నిర్ణయం.

తలుపు, ఫోన్, బండి

మంచి కోచ్‌ను కూడా అపవాదు నుంచి కాపాడేవి, చెడ్డవాడికి సందు దొరకకుండా చేసేవి ఒకే నియమాలు. మూసిన గదిలో పెద్దవాళ్లెవరూ ఒక్క పిల్లతో ఉండకూడదు. తిమ్మిరి పట్టినా మసాజ్ కోచ్ చేయకూడదు. పిల్లలకే సొంతంగా సాగదీసుకోవడం నేర్పాలి. అవసరమైతే ఫిజియో, అదీ తల్లి లేదా ఇంకో మహిళ ఉండగా. బట్టలు మార్చుకోవడానికి గది లేని గ్రౌండ్‌లో నాలుగు వెదురు కర్రలు, ఒక టార్పాలిన్‌తో మరుగు కట్టవచ్చు. మెసేజ్‌లన్నీ తల్లిదండ్రులున్న గ్రూపులోనే, రాత్రి తొమ్మిది తర్వాత ఏవీ వద్దు. కోచ్ బండి వెనక ఒక్క పిల్లను ఎక్కించుకుని దింపడం, ఎంత మంచి ఉద్దేశంతోనైనా సరే, వద్దు. తెల్లవారుజామున చీకట్లో సైకిల్ మీద వచ్చే అమ్మాయిలను వీధుల వారీగా జట్లు కట్టించాలి, కుదరకపోతే వాళ్ల ప్రాక్టీస్‌ను సాయంత్రానికి మార్చాలి.

మీట్ ప్రయాణాల్లోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. అమ్మాయిలున్న జాతీయ బృందాల వెంట మహిళా కోచ్ తప్పనిసరి అని భారత క్రీడా ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ఆదేశించింది. 2025 జాతీయ క్రీడా పాలన చట్టంలో కూడా మహిళలు, మైనర్ల రక్షణకు సురక్షిత క్రీడా విధానం గురించి ఉంది. ఊరి క్లబ్‌కు అది చేరేదాకా ఆగక్కర్లేదు. మహిళా కోచ్ లేకపోతే ఒక తల్లినో, రిటైరైన టీచరమ్మనో మేనేజరుగా తీసుకెళ్లాలి. బడి గదుల్లో నేల మీద పడుకునే మీట్లలో అమ్మాయిల గది తాళం ఆమె దగ్గరే ఉండాలి. రాత్రి తొమ్మిదింటికి, పొద్దున ఐదింటికి లెక్క చూసుకోవాలి. ఇంటికి ఫోన్ చేసుకోవడానికి వీల్లేకుండా పిల్లల ఫోన్లన్నీ లాక్కుని పెట్టుకోవడం క్రమశిక్షణ అనిపించుకోదు.

కొత్త కోచ్‌ను తీసుకునేటప్పుడు ఎన్‌ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ సర్టిఫికెట్ చూసి ఆగిపోతారు. అతను ఇంతకుముందు పనిచేసిన రెండు చోట్లకు ఫోన్ చేసి ‘మళ్లీ మీ పిల్లలను ఇతని దగ్గరికి పంపుతారా?’ అని అడగాలి. అవతలివాళ్లు ఎంతసేపు తటపటాయించారో కూడా గమనించాలి.

ఫిర్యాదు వచ్చిన గంటలో

ఇక్కడ మన ఊళ్లలో జరిగే పొరపాటు అందరికీ తెలిసిందే. పెద్దమనుషులు కూర్చుంటారు. ‘పిల్ల పరువు, క్లబ్ పరువు’ అంటారు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెడతారు. కోచ్ వేరే ఊరికి వెళ్లిపోతాడు, అక్కడ ఇంకో క్లబ్ పెడతాడు. పిల్ల పరుగు మానేస్తుంది. ఇది నైతికంగానే కాదు, చట్టం ప్రకారమూ తప్పు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటోంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు. తన కింద పనిచేసేవారి విషయంలో సంస్థ బాధ్యుడు దాచిపెడితే ఏడాది వరకు జైలు, జరిమానా. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారికి ఆ చట్టమే రక్షణ ఇస్తుంది.

పిల్ల చెబుతున్నప్పుడు చేయాల్సింది వినడం. ‘నిజంగానా?’, ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు?’ అనకూడదు. ‘చెప్పి మంచి పని చేశావమ్మా. ఇందులో నీ తప్పు లేదు’ అనాలి. గుచ్చిగుచ్చి అడగడం, మనమే విచారణ చేయడం, ఫోన్‌లో రికార్డు చేయడం వద్దు. విన్నాక పేజీ నంబర్లున్న పుస్తకంలో పిల్ల వాడిన మాటలనే, తేదీ, సమయం వేసి రాయాలి. ఆ గంటలోనే 112కు లేదా స్టేషన్‌కు సమాచారం ఇవ్వాలి, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ సాయం కూడా తీసుకోవచ్చు. ఆరోపణ ఉన్న వ్యక్తిని ఆ రోజు నుంచే గ్రౌండ్‌కు దూరంగా ఉంచాలి, పిల్లను కాదు. పిల్ల వాంగ్మూలం ఇంట్లోనో, తనకు నచ్చిన చోటో తీసుకోవాలని, తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదని చట్టంలో ఉంది. ఇది తల్లిదండ్రులకు ముందే చెబితే స్టేషన్ భయం చాలావరకు తగ్గుతుంది. వయోజన మహిళలకు పని ప్రదేశంలో లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 నాటి చట్టం వర్తిస్తుంది. స్టేడియం, శిక్షణ స్థలం కూడా అందులో పని ప్రదేశమే. పదిమంది కన్నా తక్కువ సిబ్బంది ఉన్న క్లబ్ అయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి.

చావు మాట వినిపిస్తే

నిద్ర, తిండి, మాట, ఇష్టమైన పనులు రెండు వారాలకు పైగా మారిపోయి ఉంటే డాక్టరు అవసరం. ‘నేను లేకపోతే అందరికీ హాయి’ లాంటి మాట ఒక్కసారి వినిపించినా రెండు వారాలు ఆగకూడదు. ‘చనిపోవాలని అనిపిస్తోందా?’ అని నేరుగా, నెమ్మదిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం అక్కర్లేదు, అడిగితే చాలామందికి గుండె బరువు దిగుతుంది. అవునంటే ఆ పిల్లను ఒంటరిగా వదలకూడదు. ఇంట్లోవాళ్లు వచ్చేదాకా పక్కనే ఒకరు ఉండాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీమానస్‌కు అక్కడినుంచే ఫోన్ చేయవచ్చు. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. వెంటనే ప్రమాదం ఉందనిపిస్తే 108, లేదా జిల్లా ఆసుపత్రి. భయం ఇంట్లోవాళ్ల వల్లే అని పిల్ల చెబితే ఇంటికి ఫోన్ చేసేముందు 1098ను సంప్రదించాలి. తిరిగి గ్రౌండ్‌కు వచ్చిన రోజు అందరూ చుట్టూ మూగకుండా, ఎప్పటిలాగే వార్మప్‌లో తన చోటు తనకు ఉండేలా చూడాలి.

కోచ్ కూడా మనిషే. పాతిక మంది బరువు ఒక్కడి మీద, గౌరవ వేతనం అరకొర, పతకం రాకపోతే మాటలు. అందుకే భద్రత బాధ్యత కోచ్‌కు అంటగట్టకూడదు. కోచ్‌కు బంధువు కాని ఇద్దరిని ఎంచుకోవాలి, వారిలో ఒకరు మహిళ అయి తీరాలి. ఏఎన్‌ఎం, రిటైరైన టీచరు, ఏ పిల్ల తల్లి అయినా సరే. నెలకు రెండు ఉదయాలు ఊరికే వచ్చి చెట్టు కింద కూర్చుంటే చాలు, పిల్లలకు ముఖం అలవాటవుతుంది. వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, కింద 1098, 14416, 108 రేకు బోర్డు మీద పెయింట్‌తో రాయించి అమ్మాయిలు నీళ్లు తాగే కుళాయి దగ్గర బిగించాలి. ఆఫీసు గోడ మీద పెడితే పిల్లలు దాని ముందు నిలబడి నంబరు రాసుకోలేరు, అందరూ చూస్తారు. నెలకోసారి ఎవరో ఒకరు ఆ నంబర్లకు చేసి మోగుతున్నాయో లేదో చూడాలి. సిమ్ మారిస్తే అదే రోజు పాత అంకె చెరిపి కొత్తది రాయాలి.